తలుపు పక్క చోటు

ఆమెకు ఉన్నది ఒక్కగానొక్క అన్నయ్య. ఆ ఒక్కడూ పళ్ల డాక్టరు కావడం ఆమె ఏ జన్మలోనో చేసుకున్న పాపం అయ్యుండాలి. ఎవరి అన్నయ్యలైనా చెల్లెలు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డుపడతారు, అంతే. ఈయన మాత్రం ముందు నోట్లో దూది కుక్కి, ఆ తర్వాత వాదన మొదలుపెడతాడు. "ఏమంటావ్?" అని కూడా అడుగుతాడు, జవాబు రాదని తెలిసి.

ఆ కుర్చీలో వాలినవాళ్లంతా వినక తప్పని కథ ఒకటుంది. మూడో తరగతిలో టీచరు అతన్ని కిటికీ దగ్గర ప్రాణస్నేహితుడి పక్కనుంచి లేపి, బెంచీకి ఈ చివర, తలుపు పక్కన కూర్చోబెట్టారు. "ఎందుకంటావ్? ఎప్పుడంటే అప్పుడు బయటికి గెంటడానికి!" అని డ్రిల్లు నొక్కేవాడు. పేషెంట్లు కళ్లతోనే సానుభూతి చూపేవారు. చూపకపోతే ఏమవుతుందోనని వాళ్ల భయం వాళ్లది.

చెల్లెలికీ ఆవిడే టీచరు. ఎక్కాలు ఒప్పజెప్పించుకుంటూనే ఆవిడ పిల్లల ఊడిన జడలు అల్లేవారు. ఎక్కం తప్పితే జడ కాస్త బిగిసేది. తిట్టూ లేదు, దెబ్బా లేదు. ఆ టీచరు పోయారని తెలిసిన రోజు చెల్లెలు పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూసుకోలేదు.

బళ్లో ఆ గదిలోనే పాత విద్యార్థులంతా కలవాలనుకున్నారు. టీచరుగారి కూతురు ఫోన్ చేసి, "మీ అన్నయ్యగారు కూడా రెండు మాటలు చెప్పాలి" అనేసరికి చెల్లెలికి ముందు ఆ తలుపు కథే గుర్తొచ్చింది. కారెక్కగానే అందుకుంది.

"అన్నయ్యా, ఆ తలుపు కథ ఇవాళ వద్దు. కన్నకూతురు ఎదురుగా ఉంటుంది."

"మరేం చెప్పమంటావే? నాకు తెలిసింది అదొక్కటే."

"మంచివారనో, బాగా చెప్పేవారనో ఏదో ఒకటి."

"అబద్ధాలాడమంటావా?"

"రోజూ ఆడవూ? సూది చీమ కుట్టినట్టుంటుందని?"

అన్నయ్య హారన్ మోగించాడు. ఎదురుగా బండేమీ లేదు.

గదికి కొత్తగా రంగు వేశారు గానీ బెంచీలు అవే. టీచరుగారి కూతురు అందరికీ తలో కాగితం, పెన్సిలు ఇచ్చి, "మీరు కూర్చున్న చోటే కూర్చుని, అమ్మ గురించి ఒక్క ముక్క రాయండి. బోర్డుకి అంటిద్దాం" అంది. వేరువేరు ఏళ్లలో చదివినవాళ్లంతా ఒక్కసారే వచ్చారు కాబట్టి ఒక్కో చోటుకి ఇద్దరు ముగ్గురు హక్కుదారులు తేలారు. తలుపు పక్క చోటు కోసం ఒక బస్సు డ్రైవరు, ఒక కాలేజీ అమ్మాయి "నాదంటే నాది" అనుకుంటున్నారు.

"నన్ను లెక్కలోంచి తీసెయ్యండి బాబూ!" అని అన్నయ్య దర్జాగా వెళ్లి కిటికీ పక్కన కూర్చున్నాడు. అవసరమైతే గిల్లడానికి వీలుగా చెల్లెలు అతని పక్కనే చేరింది.

ఆమె రెండు మాటలు రాసిందో లేదో, అతని ఎడమ మోచెయ్యి తగిలి పెన్సిలు కాగితమంతా గీసుకుంటూ పోయింది.

"అన్నయ్యా, మోచెయ్యి!"

"నువ్వే జరుగు."

ఆమె జరిగింది. మళ్లీ తగిలింది.

"చిన్నప్పుడు నీ పక్కన కూర్చున్నవాడు ఎలా బతికాడురా దేవుడా!"

"వాడితోనూ రోజూ ఇదే కొట్లాట. వాడి రాతంతా నా వల్లే..."

అన్నయ్య ఆగిపోయాడు. తలుపు వైపు చూశాడు. చోటు గెలుచుకున్న అమ్మాయి ఎడమచేత్తో హాయిగా రాసుకుంటోంది, మోచెయ్యి దారిలోకి చాపి. డ్రైవరు వెనక బెంచీ చివర సర్దుకున్నాడు. అతనిదీ ఎడమచెయ్యే. ముందు బెంచీ చివర నెరిసిన జుట్టావిడదీ అంతే.

"అమ్మాయ్, నిన్నక్కడ ఎందుకు కూర్చోబెట్టారు?"

"ఎడమచేతివాళ్లని ఈ చివరే కూర్చోబెట్టేవారంకుల్, మోచెయ్యి ఆడాలని."

"టీచరే చెప్పారా?"

"అడిగితే చెప్పారు. మీరు అడగలేదా?"

అన్నయ్య నోరు తెరిచాడు. దూది లేకుండానే మాట రాలేదు.

చెల్లెలికి ఇల్లు గుర్తొచ్చింది. నాన్న అన్నయ్య ఎడమచేతిలోంచి పెన్సిలు లాగి కుడిచేతిలో పెట్టేవారు. అన్నయ్య ఏడుస్తూ మళ్లీ మార్చేవాడు. బళ్లో మాత్రం ఆ చెయ్యి గురించి ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఎందుకనేవారు కాదో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇంతలో పిలుపు వచ్చింది. అన్నయ్య లేచాడు. చెల్లెలు చొక్కా అంచు పట్టుకోబోయింది గానీ అందలేదు.

"మా టీచరు నన్ను తలుపు పక్కన కూర్చోబెట్టారు."

చెల్లెలు కళ్లు గట్టిగా మూసుకుంది.

"బయటికి గెంటడానికేనని కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. ఇంట్లో వాళ్లు నా చెయ్యి మార్చాలని చూశారు. ఆవిడ నా చెయ్యి జోలికే రాలేదు, చోటు మార్చారు. ఎందుకని ఒక్కసారైనా అడిగి ఉండాల్సింది." అతను టీచరుగారి కూతురి వైపు తిరిగాడు. "అమ్మగారికి చెప్పాల్సింది మీకు చెబుతున్నానమ్మా. నేను తప్పుగా అనుకున్నాను. తప్పు నాదే."