షెడ్డు నంబరు చెప్పేలోగా

ఆమెకు ఉరుమంటే భయం, లిఫ్టంటే భయం. ఎవరింట్లోనైనా కుక్క ఉందని తెలిస్తే గేటు దగ్గరే నిలబడిపోయేది. అందుకే బాబాయి ఆమెకు బెదురుపిల్ల అని పేరు పెట్టాడు. కానీ యంత్రాల దగ్గర ఆమె బెదిరింది ఎప్పుడూ లేదు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలు బాగుచేసే చిన్న కంపెనీ బాబాయిది. పని నేర్పిందీ ఆయనే. ఆఫీసుల్లో, హోటళ్లలో ఏ మూలనో ఉండే ఆ ఇనప్పెట్టెల ముందు కూర్చుంటే ఆమెకు సొంతింట్లో ఉన్నంత నిబ్బరంగా ఉండేది.

ఆ రోజు పొద్దున ఆసుపత్రి నుంచి పిలుపు వచ్చినప్పుడు కూడా మామూలుగానే బయలుదేరింది. మాటల మధ్య టిక్కుటిక్కుమని చప్పుడొస్తోందట. అది ఎక్కువై ఎక్కువై, ఉన్నట్టుండి లైన్లన్నీ తెగిపోతున్నాయట. కాసేపటికి వాటంతటవే మళ్లీ వస్తున్నాయట. తీరా వెళ్లి చూస్తే ఎక్స్‌ఛేంజ్ ఉన్నది అంబులెన్సుల ఆపరేటరు గదిలో.

ఇరుకు గది. ఒక గోడకు ఎక్స్‌ఛేంజ్ బీరువా, దానికెదురుగా బల్ల, బల్ల వెనక చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్న తెల్లజుట్టు పెద్దాయన.

"రామ్మా, రా. పొద్దుట్నుంచీ ఇదే గోల. ఎవరు ఫోన్ చేసినా అసలు మాట వచ్చేసరికి కట్ అవుతోంది" అన్నాడు ఆయన.

ఆమె ల్యాప్‌టాప్ తగిలించి చూసింది. క్లాక్ తప్పిందని వెంటనే అర్థమైంది. క్లాకంటే గోడగడియారం కాదు, యంత్రాలు మాటను ముక్కలు చేసి పంపించుకునే వేగం. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని దుప్పటి మడతపెట్టేటప్పుడు ఒకరు ముందు కదిలితే రెండోవారు అనుసరిస్తారు కదా, అలాగే ఒక ఎక్స్‌ఛేంజ్ ఇంకొకదాన్ని చూసి నడవాలి. ఈ ఎక్స్‌ఛేంజ్ టెలిఫోన్ కంపెనీ లైనును చూసి నడిచేది. పొద్దున వీధిలో ఎవరో గుంత తవ్వుతూ ఆ కేబులు తెంపారు. ఆ కాసేపూ ఇది రెండో లైనును పట్టుకుంది. అది ఆసుపత్రి వెనక భవనానికి వెళ్లేది. ఆ భవనంలోని ఎక్స్‌ఛేంజేమో ఎప్పుడూ దీన్ని చూసే నడుస్తుంది. కేబులు అతికించాక కూడా ఇది పాతదారికి రాలేదు. నువ్వు ముందంటే నువ్వు ముందని రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ కూర్చున్నాయి. మాట ముక్కలు జారిపోయినప్పుడల్లా ఒక టిక్కు. జారినవన్నీ హద్దు దాటితే, బీరువాలో ఆ లైన్లన్నీ తగిలించి ఉన్న కార్డు తనంతట తాను పడిపోయి మళ్లీ లేస్తుంది.

"సార్, కాల్ వస్తే ఒకసారి స్పీకర్లో పెట్టండి. చప్పుడు నేనూ వింటాను" అంది.

అంటూండగానే ఫోను మోగింది.

"అయ్యా, అంబులెన్సు పంపండి." కుర్రగొంతు, మాటకు మాటకు మధ్య దగ్గు. "మా బావ పడిపోయాడయ్యా. కోల్డు స్టోరేజీలో గ్యాసు పైపు ఊడింది. తలుపు బిగుసుకుపోయింది, బయటికి రాలేకపోతున్నాం."

"ఎక్కడ బాబూ? ఏ షెడ్డు?"

"నేను కొత్తగా చేరానయ్యా. గోడ మీద నంబరుంది, ఉండండి చూసి..."

టిక్కు, టిక్కు. లైను పోయింది.

పెద్దాయన తెర మీద కనిపించిన నంబరుకు తన సెల్‌ఫోను నుంచి చేశాడు. గిడ్డంగులన్నిటికీ కలిపి ఉన్న ఒకే నంబరు అది. మీకు కావలసిన ఎక్స్‌టెన్షన్ నొక్కండి అంటూ రికార్డు చేసిన గొంతు తీయగా పలికింది. ఆయన దాన్ని తిట్టి, అంబులెన్సును గిడ్డంగుల గేటు దాకా పంపి, ఫైరింజనుకూ కబురు పెట్టాడు.

"వెళ్తారు సరే. అక్కడ షెడ్లు బారులు తీరి ఉంటాయి. ఏ తలుపని కొట్టుకుంటూ తిరుగుతారు?" అన్నాడు.

మళ్లీ మోగింది. అదే గొంతు, ఇందాకటికన్నా సన్నగా.

"నంబరు చెరిగిపోయిందయ్యా. కళ్లు మండిపోతున్నాయి. పక్కన ఒక..."

టిక్కుల జోరులో మిగతాది ముక్కలైపోయింది. కార్డు మీది దీపాలన్నీ ఎర్రబడ్డాయి.

ఆమె సెల్‌ఫోను తీసి బాబాయికి చేసింది.

"బాబాయ్, క్లాకు కంపెనీ లైనుకు మార్చాలి. మార్చితే కార్డు రీస్టార్ట్ చెయ్యాల్సిందే."

"ఆగవే. అది పాత కార్డు. కొత్త సెట్టింగుతో లేవకపోతే ఏం చేస్తావు? తనంతట పడిపోతే మళ్లీ లేస్తోంది కదా. స్పేరు కార్డు నా దగ్గరుంది, తెస్తున్నాను. అందాకా చెయ్యి పెట్టకు."

"నువ్వొచ్చేసరికి ఇక్కడ ఒక ప్రాణం పోతుంది బాబాయ్."

"కార్డు లేవకపోతే ఊరందరి ప్రాణాలూ నీ మెడకే చుట్టుకుంటాయి."

ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. ఆమెకు భయం వేసిందే అందుకు. ఇంతకు ముందు ఎన్ని కార్డులు ఆపి లేపిందో. పోతే ఏ హోటలు గదిలోనో కాఫీ ఆలస్యమయ్యేది, అంతే. ఇప్పుడు పోతే మనిషే పోతాడు. ఆమె పెద్దాయన వైపు తిరిగింది.

"ఇప్పుడు పడిన కార్డు తనంతట తానే లేస్తుంది సార్. మొదట్లో జారడాలేవీ ఉండవు, లైను శుభ్రంగా ఉంటుంది. తర్వాత మళ్లీ మొదలవుతుంది. ఆ అబ్బాయి ఆ కాస్త సమయంలోనే చెయ్యాలి. లేదంటే నేను ఇప్పుడే మార్చెయ్యాలి. మార్చేటప్పుడు అతను చేస్తే మాత్రం ఎంగేజ్ కూడా రాదు. మార్చాక కార్డు లేవకపోయినా లేవకపోవచ్చు."

పెద్దాయన హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకున్నాడు. "నీకు తెలిసిన పని అమ్మాయ్. నేను చెప్పేదేముంది? నువ్వు లేపితే అదే లేస్తుంది."

ఆ నమ్మకం ఆమెను ఇంకా బెదరగొట్టింది. దీపాలు ఒక్కొక్కటీ పచ్చబడుతున్నాయి. ఫోను మోగలేదు. ల్యాప్‌టాప్‌లో టిక్కుల లెక్క మళ్లీ ఒకటీ అరా మొదలైంది. అతనికి ఇంకా చేసే ఓపిక ఉందో లేదో. ఆమె కళ్లు మూసుకుని తెరిచి, క్లాకు మార్చి, రీస్టార్ట్ నొక్కింది.

దీపాలన్నీ ఆరిపోయాయి. కార్డుకున్న చిన్న ఫ్యాను చప్పుడు ఆగాక గదిలో ఇద్దరి ఊపిరీ వినిపించింది. మొదటి దీపం వెలిగింది. రెండోది వెలిగి, ఆరింది. "అయ్యో, లే" అంది ఆమె గొణుగుతూ, మొండికేసిన పిల్లను లేపినట్టు. రెండోది మళ్లీ వెలిగి మినుకుమినుకుమంటూ ఉండిపోయింది. బాబాయి మాట నిజమైపోయిందనుకుంది. ఎంతకీ కుదురుకోని ఆ దీపం చివరికి పచ్చగా నిలిచింది. దాని వెనకే మిగతావీ.

ఫోను మోగింది.

"అయ్యా..."

"చెప్పు నాయనా, వింటున్నాను. పక్కన ఏముంది?"

"నీళ్ల ట్యాంకు. ఎర్రది. పక్కనే పాత క్రేను."

ఒక్క టిక్కు లేదు. పెద్దాయన ఒకపక్క స్పీకర్లో ఆ అబ్బాయితో మాట్లాడుతూ, ఇంకోపక్క సెల్‌ఫోను చెవికి పెట్టుకుని అంబులెన్సు డ్రైవరుకు చెబుతున్నాడు. "తువ్వాలు తడిపి ముక్కుకు పెట్టుకో. మీ బావక్కూడా పెట్టు. నేల మీద పడుకో. మాట్లాడుతూనే ఉండు నాతో." అతను మాట్లాడాడు. అక్కయ్యకు ఏం చెప్పాలంటూ ఏడ్చాడు. మధ్యలో ఒకసారి అతని గొంతు ఆగిపోయింది. ఆమె ఉలిక్కిపడి కార్డు వంక చూసింది. లైను బాగానే ఉంది, ఆగింది మనిషే. పెద్దాయన పిలిచాడు, మళ్లీ పిలిచాడు. చాలాసేపటికి ఇనుము మీద ఇనుము కొట్టిన చప్పుడు, ఆ తర్వాత ఎవరివో కేకలు వినిపించాయి.

బాబాయి స్పేరు కార్డుతో రొప్పుకుంటూ వచ్చేసరికి బావామరుదులిద్దరినీ కింద క్యాజువాలిటీలోకి తెచ్చారు. బావకు ఊపిరి ఆడుతోందని, రెండు రోజులు గడిస్తేగాని ఏమీ చెప్పలేమని, కుర్రాడికి గొంతు, కళ్లు కాలాయే తప్ప ప్రాణానికి భయం లేదని నర్సు వచ్చి చెప్పింది.

బాబాయి కార్డు వంకా, ఆమె వంకా చూశాడు. "వద్దన్నా కదే" అన్నాడు. తర్వాత ల్యాప్‌టాప్ తానే మూయబోయాడు.

"ఉండనీ బాబాయ్. ఇంకాసేపు చూస్తాను."

జారిన ముక్కల లెక్క దగ్గర సున్నా కనబడుతూనే ఉంది. ఆమె దాని మీంచి చూపు తిప్పలేకపోయింది.