ఛాయ చేతిలోని క్రేను

పొద్దున్నే రజనీకుమారి గోరింటాకు పొడి జల్లిస్తుంది. పాత వాయిల్ చీర ముక్కని గిన్నె మూతికి బిగించి కట్టి, పొడి దానిమీద పోసి వేళ్లతో నెమ్మదిగా రాస్తుంది. ఒక్క నలుసు జారినా కోను మొనలో అడ్డం పడి గీత తెగిపోతుంది. తరవాత నిమ్మరసం, పంచదార, కాస్త నీలగిరి నూనె. కలిపి మూతపెట్టి మర్నాటిదాకా నాననివ్వాలి.

భిలాయి స్టీల్ ప్లాంటు కాలనీ సెక్టార్లలో తెలుగువాళ్లింట పెళ్లంటే ఆవిడకే కబురు. ఆవిడ వేసిన బొమ్మలు ఆరేదాకా కుదురుగా ఉండవు. కిందటేడు పెళ్లికూతురు మణిమాల చేతిమీది ఏనుగులు మోచేతిదాకా షికారెళ్లి వచ్చాయి. అందుకే పెళ్లికూతురు కూచోగానే, "చెయ్యి వంచకమ్మా, చిలకలు జారిపోతాయి" అని చెబుతుంది. అందరూ సరేనంటారు.

గురునాథరావు కూతురు ఛాయ మాత్రం ఎవరూ అడగనిది అడిగింది. ప్లాంటులో రైలుపట్టాలు తయారయ్యే రైల్ మిల్లులో తను నడిపే క్రేను తన చేతిమీద ఉండాలంది.

"పూలూ లతలూ అందరికీ ఉంటాయక్కా. నా క్రేను నాకొక్కదానికే కదా!"

రజనీకుమారి ఎన్నడూ క్రేను చూసింది కాదు. ఛాయ వచ్చి కూచుని చెబుతుంటే స్టీలు కంచం వెనక గీసింది, తుడిచింది, మళ్లీ గీసింది. మొదట్లో హుక్కు కొబ్బరాకులా వచ్చేది. చివరికొకనాడు ఛాయ చూసి, "బస్, ఇదే!" అని చప్పట్లు కొట్టింది.

మెహందీ రోజు మధ్యాహ్నం గురునాథరావు క్వార్టర్ ముందుగదిలో ఛాయ ఎడమ ముంజేతి మీదికి క్రేను ఎక్కింది. అడ్డంగా రెండు దూలాలు, వాటిమీద దొర్లే ట్రాలీ, కిందికి వేలాడే హుక్కు, పక్కన కేబిన్లో హెల్మెట్ పెట్టుకున్న బుల్లి ఛాయ. ఆ అరచేతిలో పాగా చుట్టుకున్న పెళ్లికొడుకు శరత్, కుడి అరచేతిలో పెళ్లికూతురు.

అప్పుడే దుర్గ్ నుంచి శరత్ తల్లి లలితాంబ పళ్లేలతో దిగింది. వంగి చూసి మొహం చిట్లించింది.

"ఏమిటిది, కరెంటు స్తంభమా?"

"క్రేనండీ. అమ్మాయి నడిపేది" అంది రజనీకుమారి.

"నడిపేది కాదు, నడిపినది అను. పెళ్లయ్యాక ఉద్యోగం మానేస్తోందిగా. అది తుడిచేసి కలశం వెయ్యి."

ఛాయ తలెత్తింది. "ఎవరు మానేస్తున్నారండీ?"

"మీ నాన్నగారు నిశ్చితార్థం నాడే మాటిచ్చారమ్మా."

గురునాథరావు గుమ్మంవైపు చూశాడు. "పెళ్లయ్యాక నెమ్మదిగా చెబుదావనుకున్నానమ్మా" అన్నాడు.

గదిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. పిన్ని చీర చెంగు సర్దుకుంది, మేనమామ గొంతు సవరించుకున్నాడు. అందరికీ తెలుసు. తెలిసే నవ్వుకుంటూ వచ్చి, చేతులు చూసి ఎంత బాగుందో అన్నారు. తెలియంది చేతులు చాపుకు కూచున్న పిల్లకే. రజనీకుమారికి ఒళ్లు మండిపోయింది.

"అక్కా, శరత్‌కి ఫోన్ కలుపు" అంది ఛాయ.

చేతులు తడి కనక ఫోన్ రజనీకుమారే పట్టుకుంది. స్పీకర్లో శరత్ గొంతు విసుగ్గా వినపడింది. "పెద్దవాళ్లు మాట్లాడుకున్నారుగా ఛాయా. ఇప్పుడెందుకు గొడవ? ఫంక్షన్ కానియ్, తరవాత చూద్దాం."

"అంటే నీకూ తెలుసన్నమాట."

అతను ఇంకేదో అనబోతుంటే రజనీకుమారే కట్ చేసింది.

"వినపడిందిగా" అని లలితాంబ బల్లమీది చేతిరుమాలు తీసి తనే క్రేను తుడవబోయింది. రజనీకుమారి ఆవిడ మణికట్టు పట్టేసుకుంది.

"వదులు! మెహందీ పెట్టేదానివి, నీకెందుకు?"

"పెట్టింది నేను, పెట్టించుకుంది ఆ పిల్ల. తుడవడానికి మీరెవరండీ? ఆ చెయ్యింకా మీ ఇంటిది కాలేదు."

ఆ మాట అంటుండగానే ఛాయ వేళ్లు కొద్దిగా కదిలాయి. క్రేను కేబిన్లో బుల్లి ఛాయ ముందుకి వంగింది. ట్రాలీ మణికట్టు దాటి దొర్లింది. హుక్కు నెమ్మదిగా దిగి, పెళ్లికొడుకు నడుంపట్టీకి తగులుకుని, అతన్ని ఊగకుండా పైకి లేపింది. బొటనవేలి పక్కనుంచి మోసుకెళ్లి, కింద పరిచిన హిందీ పేపరు మీద దింపి, వెనక్కి వచ్చేసింది. పేపరు మీద శరత్ పాగా సర్దుకుని, అటూ ఇటూ చూసి, అలాగే ఆరిపోయాడు.

"తీసి చేతిలో పెట్టు వాణ్ణి!" అని అరిచింది లలితాంబ.

"దింపింది నేను కాదండి. నేనెందుకు పెడతాను?" అంది రజనీకుమారి.

లలితాంబ పళ్లేలు ఎత్తించుకుంది. "రేపు పొద్దున్నలోగా ఏ సంగతీ చెప్పండి అన్నయ్యగారూ" అని కారెక్కింది.

గురునాథరావు కూతురి ఎదట నిలబడ్డాడు. "ఏటి సెప్పమంటావే నన్ను?"

"అప్పుడు నన్నడక్కుండా చెప్పావు కదా నాన్నా. ఇప్పుడు అడిగి చెప్పు."

ఆయన కుర్చీ లాక్కుని కూతురి ఎదురుగా కూచున్నాడు. "సరే. అడుగుతున్నాను."

"నాకీ పెళ్లొద్దు. ఉద్యోగం మానను."

ఆయన ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్లాడు. చుట్టాలు ఒక్కొక్కరే లేచారు. మూల కూచున్న నాయనమ్మ నూకమ్మ మాత్రం కదల్లేదు.

"మరి ఆ కుడిచేతికి వేళ్లన్నీ బోసిగా వొదిలేసావేటే రజనీ? అది పెళ్లి మానుకుంది గానీ గోరింటాకు మానుకుందా ఏటి?"

ఛాయకి అప్పుడు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కుడిచెయ్యి చాపింది. ఆ అరచేతిలో పీటలమీద తల వంచుకుని కూచున్న పెళ్లికూతురు ఇంకా పచ్చిగానే ఉంది.

"దీన్నేం చెయ్యనమ్మా?" అంది రజనీకుమారి.

"నిలబెట్టక్కా."

వరండాలోంచి గురునాథరావు గొంతు తడబడుతూ, తరవాత స్థిరంగా వినపడింది. "లేదండి. మా అమ్మాయి ఒప్పుకోలేదు. తప్పు నాది."

రజనీకుమారి కోను అందుకునేలోపే పెళ్లికూతురు కుచ్చిళ్లు సర్దుకుని లేచి నిలబడింది.