బక్కయ్య వంతు

సాయిలు టిక్కెట్టును ఉత్తినే చింపడు. మధ్యకు మడిచి, మడత మీద బొటనవేలి గోరుతో ఒక్క గీత గీసి, చొక్కా చేతిని మడిచినంత శ్రద్ధగా రెండు చేస్తాడు. ఒక ముక్క డబ్బాలో వేసి ఇంకో ముక్క చేతికిస్తాడు. నలభై ఏళ్లు బట్టలు మడిచిన వేళ్లు, మూడేళ్ల కొలువు కోసం అలవాటు మార్చుకుంటాయా? వెనక నిలబడ్డవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ. రెండు వందల యాభై కోట్ల ఏళ్లుగా ఉన్న బండ, రెండు నిమిషాల్లో లేచి ఎక్కడికీ పోదు.

బండ వయసు సాయిలు కనిపెట్టింది కాదు. గేటు పక్కన నల్లరాతి పలక మీద చెక్కి ఉంది. దాని కింద రేకు బోర్డు. పెద్దలకు పది రూపాయలు, పిల్లలకు అయిదు, కెమెరాకు యాభై. ఆదిమానవుల గీతలు చూడాలంటే విడిగా ఇంకో పది. బయటి తిండి లోపలికి తేరాదు. అంత వయసున్న బండకు యజమాని పుట్టి మాత్రం మూడేళ్లే అయింది.

అంతకుముందు దాని పేరు పరుపుబండ. ఎర్రమంజిల్ క్వార్టర్ల వెనక, పంజగుట్ట వైపు దిగే వాలులో, ఎవరో పరుపు పరిచి మరిచిపోయినట్టు అర ఎకరం మేర పడుకొని ఉంటుంది. నడుమ వాననీళ్లూ ఊటనీళ్లూ నిలిచే గుంట ఒకటి, దాన్ని దొన అంటారు. క్వార్టర్ల ఆడవాళ్లు ఆ బండ మీద వడియాలు పెట్టుకునేవారు. సెలవులొస్తే పిల్లలు లాగుల వెనక చిరుగులు పడేదాకా జారేవారు. సాయిలు, బక్కయ్య దొనలో బట్టలు ఉతికి బండ మీద ఆరేసేవారు. ఎవడూ ఎవడినీ అడగలేదు. సూర్యుడిని అడిగి ఎండలో నిలబడతామా?

ఇప్పుడు దొనలో బాతు బొమ్మ పడవ ఒకటి తేలుతోంది. గట్టిగా ఇరవై తొక్కులు తొక్కితే అవతలి గట్టు తగులుతుంది. దానికీ టిక్కెట్టే.

సాయిలుకు అరవై రెండేళ్లు. నడుం ఇంకా ఉతుకుడు రాయి మీదికి వంగినట్టే ఉంటుంది. చాకలి సోడా తినేసిన వేళ్ల కొసలు తెల్లగా, ముడతలుగా, ఎప్పుడూ నీళ్లలోంచి అప్పుడే తీసినట్టుంటాయి. కంపెనీవాళ్లిచ్చిన నీలం చొక్కా అతనిలాంటి ఇద్దరికి సరిపోతుంది. వీపు మీద పసుప్పచ్చటి అక్షరాల్లో కంపెనీ పేరు. ఆ పేరు చదవడం అతనికి రాదు. చొక్కా ఇచ్చిన రోజే జీడిగింజ పొడిచి, ఆ రసంతో కాలరు లోపల తన గుర్తు పెట్టుకున్నాడు: మూడు చుక్కలు, కింద ఒక గీత. చాకలి చేతికి వచ్చిన బట్టకు గుర్తు పడకుండా ఉండదు.

బక్కయ్య గుర్తు వేరు. అడ్డంగా కోసుకున్న రెండు గీతలు, పైన ఒక చుక్క. బండ మీద రెండు మూటలూ కలిసిపోయినా, అమీర్‌పేట హాస్టళ్ల ప్యాంట్లు ఏ మూటవో గుర్తులు చెప్పేవి.

బక్కయ్య చనిపోయి ఇవాళ్టికి మూడో రోజు. అందుకే సాయిలు పొద్దుటి నుంచీ టిక్కెట్లను మామూలు కన్నా మెల్లగా మడుస్తున్నాడు.

బంజారా హిల్స్ నుంచి నడవడానికి కార్లలో వచ్చేవాళ్లు నెల పాసులు ఊపుతూ లోపలికి పోయారు. తొమ్మిది దాటాక అమీర్‌పేట నుంచి ఒక జంట వచ్చింది. కంప్యూటరు కోర్సు పుస్తకం చంకలో, నిద్ర చాలని కళ్లు. అబ్బాయి పేరు కేదార్ అని, "కేదార్, గీతల టిక్కెట్టు కూడా తీసుకో, అవి చూడకపోతే ఇక్కడికి రావడం దేనికి?" అని అమ్మాయి అన్నప్పుడు తెలిసింది. పడిన చిల్లర ఏరుకోవడానికి అబ్బాయి వంగాడు. కాలరు వెనక్కి తెరుచుకుంది. లోపల నల్లగా, అడ్డంగా కోసుకున్న రెండు గీతలు, పైన చుక్క.

సాయిలు చేతిలో టిక్కెట్టు సగం మడతలో ఆగిపోయింది.

"ఏ హాస్టల్ల ఉంటవు బిడ్డా?"

"సత్యం థియేటర్ వెనకండీ. ఏం?"

"ఏం లేదు. చొక్కా మంచిగ ఉతికిండు."

లోపల ఇనుప కడ్డీల వెనక, అద్దం కింద, ఆ అబ్బాయి పది రూపాయలు పెట్టి చూడబోయేవీ ఆ రెండు గీతలూ ఆ చుక్కే.

సంగతి ఇదీ. సాయిలు చిన్నప్పుడు వాళ్ల నాయనా, బక్కయ్య నాయనా ఆరేసుకునే జాగా కోసం కొట్టుకున్నారు. తలలు పగిలాక తెలివి వచ్చి, బండను రెండు వంతులు చేసి, ఉలితో ఎవరి గుర్తు వాళ్లు చెక్కుకున్నారు. ఉలి వేడెక్కకుండా నీళ్లు పోసింది సాయిలే. ఏళ్లు గడిచాయి. నాలుగేళ్ల కింద ఒక పొద్దున, టోపీలు పెట్టుకున్న నలుగురు భూతద్దంతో బండ మీదికి వచ్చారు. ఈ గీతలు ఎవరివి, ఎప్పటివి అని అడిగారు. సాయిలుకు కోతలు కోయడం పుట్టుకతో వచ్చిన జబ్బు. ఆ దొనలో తిమింగలం ఉండేదని, నిజాం ఏనుగు దాన్ని చూసి జడిసి రాయి అయిపోయిందని పిల్లలను నమ్మించినవాడు. టోపీలను వదులుతాడా?

"మా తాతకు సుత తెల్వదు సార్. మనుషులింక బట్టలే కట్టని కాలంల గీసిన్రంట."

చాకలి గుర్తులు, బట్టలే లేని కాలానివట! పక్కన బక్కయ్య తడి దుప్పటి నోట్లో కుక్కుకొని కిందా మీదా అయ్యాడు. టోపీలవాళ్లు నవ్వలేదు. రాసుకున్నారు.

ఆరు నెలలకు కంచె వచ్చింది. ఆ తర్వాత నల్లరాతి పలక, గేటు వచ్చాయి. అడిగితే లీజు అన్నారు. లీజు ఎవరిచ్చారంటే పైవాళ్లన్నారు. పైన ఆకాశం తప్ప సాయిలుకు ఏమీ కనబడలేదు. స్థానికులకు న్యాయం చేస్తున్నామంటూ కంపెనీ ఇద్దరికీ గేటు కొలువు ఇస్తానంది. సాయిలు తీసుకున్నాడు. బక్కయ్య తీసుకోలేదు. ఆ సాయంత్రం అతను అన్న మాట ఆఖరిది. ఆ తర్వాత మూడేళ్లు, ఎదురుపడినా నోరు విప్పలేదు.

"గేటు పెట్టినోడెవడో నాకు తెల్వదు సాయిలు. గేటు కాడ నిలవడ్డది నువ్వు."

బండ పోయాక బక్కయ్య హాస్టళ్ల డాబాల మీద ఆరేయడం మొదలుపెట్టాడు. లిఫ్టులో తడి మూటలు ఎక్కించకూడదని అక్కడా ఒక బోర్డు. మొన్న సోమవారం పదహారు తడి దుప్పట్ల మూటతో మూడో అంతస్తు మెట్ల మీద కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు.

పదకొండింటికి లచ్చమ్మ వచ్చింది. బక్కయ్య భార్య. నెత్తిన గంప. వెంట కూతురు మానస, బక్కయ్య దాయాదులు ఇద్దరు పాలివాళ్లు. మూడో నాడు పిట్టకు పెట్టాలి. పోయిన మనిషి ఇష్టపడినవన్నీ వండి, అతను తిరిగిన చోట విస్తరి వేసి, కాకి ముట్టేదాకా ఇంటిల్లిపాదీ పచ్చి మంచినీళ్లు ముట్టకుండా చూస్తారు. ముట్టలేదంటే పోయినవాడి మనసులో ఏదో మిగిలిందని.

లచ్చమ్మ సాయిలు ముఖం చూడలేదు. గేటును చూసి అంది. "బండ మీదికి పోవాలె."

"టిక్కెట్లు తీస్కుందామే అవ్వా" అంది మానస, పర్సు తీస్తూ.

"మీ నాయిన వంతుకు టిక్కెట్టానే?"

మాటలకు మేనేజర్ చక్రపాణి గదిలోంచి బయటికి వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు. అమలాపురం నుంచి వచ్చి, రెండు ఉద్యోగాలు పోగొట్టుకొని మూడోదాన్ని రెండు చేతులా పట్టుకున్నవాడు. గంపలోకి తొంగి చూశాడు. అన్నం, బోటికూర, సీసాలో కల్లు, బీడీకట్ట.

"టిక్కెట్లు తీసుకున్నా తిండి లోపలికి వద్దండీ. రూలు. లోపల క్యాంటీన్ ఉంది కదా?"

మానస అతన్ని ఒకసారి కిందినుంచి పైకి చూసింది. "మా నాయిన చచ్చిపోయిండు సార్. క్యాంటీన్ల తినడు."

చక్రపాణి చెవులు ఎర్రబడ్డాయి. "నన్నేం చేయమంటారమ్మా? పైన కెమెరా ఉంది. రికార్డవుతుంది. ఆ గేటు బయట పెట్టుకోండి, నేనేమీ అనను."

బయటే పెట్టారు. కాలిబాట మీద, మురుగుకాలువ మూత పక్కన విస్తరి. అన్నం మీద బోటికూర, పక్కన దొప్పలో కల్లు, బీడీకట్ట విప్పి ఒకటి ముట్టించి. సాయిలు గేటుకు ఇవతల స్టూలు మీద కూర్చొని అన్నీ చూశాడు. వచ్చిన టిక్కెట్లు చూడకుండానే చింపాడు.

కాకులు లేక కాదు. పరుపుబండ మీద పాతిక ఉన్నాయి. క్యాంటీన్ పొట్లాలు విప్పుకొని తింటున్నాయి. ఒకటి ఎగిరి వచ్చి కంచె మీద వాలింది. మెడ వంచి విస్తరి చూసింది. లచ్చమ్మ చేతులు జోడించింది.

"మానసను నేను జూస్కుంట. ఫికర్ జెయ్యకు. ముట్టు."

కాకి ముట్టలేదు.

"చిట్టీ డబ్బులు తెచ్చుకుంటం. ఎవ్వలకు ఇడిసిపెట్టం. ముట్టు అయ్యా."

కాకి తిరిగి బండ మీదికి పోయింది. బీడీ కాలి బూడిద అన్నం మీద రాలింది. ఎండ నడినెత్తికి వచ్చింది. ఆటోలు హారన్లు కొట్టుకుంటూ విస్తరిని ఒరుసుకొని పోయాయి. ఒక ఆటోవాడు, "జర పక్కకు పెట్టున్రి, అన్నం తొక్కిపిస్తరా నాతోని?" అని కసిరాడు. ఒక పాలివాడు అందరూ ఆలోచిస్తున్నదే పైకి అన్నాడు.

"ఇంక ఎవలి మీదనో కోపముందే ముసలోనికి."

ఎవరూ సాయిలు వైపు చూడలేదు. చూసి ఉంటే ఓర్చుకునేవాడేమో.

అతను స్టూలు మీంచి లేచాడు. మనుషులు ఒక్కొక్కరుగా దూరే తిరుగుడు కడ్డీని వదిలేసి, కంపెనీ కార్లకు మాత్రమే తీసే పెద్ద గేటు దగ్గరికి నడిచాడు. గడియ లాగాడు. నూనె లేని మడతబందులు అరిచాయి.

"పట్టు వదినా, ఇస్తరాకు. లోపలికి నడువున్రి."

"సాయిలూ!" చక్రపాణి పరుగెత్తుకొచ్చాడు. "ఏం చేస్తున్నావయ్యా? ఉద్యోగం పోతుంది!"

"పోనియ్ సార్. అది పుట్టిందే నా అబద్ధానికి." సాయిలు గొంతు పగిలి పెద్దదైంది. మూడేళ్లుగా మడిచి పెట్టుకున్నదంతా విడిపోయింది. "గా గీతలు ఆదిమానవులయి గాదు. మా నాయిన, బక్కయ్యన్న నాయిన ఉలితోని కొట్టుకున్న హద్దులు. నేను నీళ్లు వోసిన. నవ్వులాటకు జెప్తే మీరు అద్దం పెట్టి పది రూపాలు గుంజుతున్నరు. బండ ఎవలి అయ్య సొమ్ము సార్? వడియాలు పెట్టుకునేటోళ్లు ఏం పాపం జేసిన్రు? ఇరవై తొక్కుల నీళ్లల్ల బాతు తిప్పుతరు, బట్టలు ఉతికితే గలీజు అంటరు!"

"ఏదో కోపంలో అంటున్నావు. నిపుణులు చూసి రాసినవి అవి."

తిరిగి పోతున్న కేదార్ జంట అప్పుడే అక్కడికి వచ్చింది. సాయిలు ఆ అబ్బాయి భుజం పట్టుకొని, "జర తిరుగు బిడ్డా" అని కాలరు విప్పి చూపించాడు. రెండు గీతలు, పైన చుక్క. చక్రపాణి కాలరు చూశాడు. నల్లరాతి పలక మీద చెక్కిన ఆదిమానవుల గీతల బొమ్మ చూశాడు. మళ్లీ కాలరు చూశాడు.

"మీవాళ్లే... ఆ పాతవాటిని చూసి కాపీ కొట్టారేమో."

సాయిలుకు నవ్వు వచ్చింది. తన కోతకు ఇంత పెద్ద వారసుడు దొరుకుతాడని అతను ఎన్నడూ అనుకోలేదు. నిజం చెప్పడానికి నల్లరాతి పలక లేదు, ఉలి లేదు, టోపీ లేదు. కేదార్ మాత్రం కాలరు సర్దుకోకుండా అలాగే నిలబడ్డాడు. "ఈ బట్టలు ఉతికినాయన... ఆయనేనా?" అని విస్తరి వైపు చూపించాడు. మానస తల ఊపింది. అతను పక్కకు జరిగి గేటు రెక్క పట్టుకున్నాడు, మూసుకుపోకుండా.

కడ్డీల లోపల, అద్దానికి ఇవతల, బక్కయ్య వంతులో విస్తరి పెట్టారు. లచ్చమ్మ ఏ మాటా ఇవ్వలేదు. అందరూ పది అడుగులు వెనక్కి జరిగారు. సాయిలు జరగలేదు.

"గేటు కాడి నుంచి వచ్చిన అన్నా" అన్నాడు, తనకే వినబడేంత.

ఒక కాకి వచ్చి వాలి కల్లు దొప్పను తన్నేసింది. బోటి ముక్క ఒకటి ఏరుకొని పోయింది. దాని వెనక ఇంకో నాలుగు దిగాయి. లచ్చమ్మ అప్పుడు ఏడ్చింది, మూడు రోజుల్లో మొదటిసారి. పోతూ పోతూ సాయిలు ముందు ఆగింది.

"అన్నం దిను" అంది. అంతే. గంప నెత్తిన పెట్టుకొని దిగిపోయింది.

మధ్యాహ్నం నుంచి గేటు మళ్లీ మామూలే. పెద్ద రెక్కలు మూశారు. డబ్బా దగ్గర క్యాంటీన్ మనిషిని కూర్చోబెట్టారు. అతను టిక్కెట్లు పరపరా చింపుతున్నాడు. వరస చకచకా కదులుతోంది. రేపటికి ఇంకొకడిని పంపమని చక్రపాణి ఫోనులో చెబుతున్నాడు. లోకల్ వాళ్లు వద్దని కూడా చెబుతున్నాడు.

సాయిలు దొన దగ్గరికి పోయాడు. బాతు పడవను మోచేత్తో పక్కకు తోసి, నీలం చొక్కా విప్పి నీళ్లలో ముంచాడు. సబ్బు లేదు. రాతి మీద పది దెబ్బలు వేశాడు. ఆ చప్పుడు మూడేళ్ల తర్వాత బండకు తగిలి, అటు క్వార్టర్ల గోడలకు తగిలి తిరిగి వచ్చింది. క్వార్టర్లలో ఒక ముసలావిడ కిటికీ తెరిచింది. అతను చొక్కా పిండి, దులిపి, తన వంతులోకి తీసుకుపోయి పరిచాడు. ముడతలు అరచేత్తో చదును చేశాడు. తర్వాత బనీను మీదే, చెప్పులు చేత పట్టుకొని, తిరుగుడు కడ్డీని తోసుకుంటూ బయటికి పోయాడు. కెమెరాలో అది కూడా రికార్డయ్యే ఉంటుంది.

సాయంత్రం గేటు వేసే వేళకు చొక్కా అక్కడే ఉంది. గాలికి పోకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్లు; పసుప్పచ్చటి పేరు బండకు ఆనుకొని కిందికి, విప్పిన కాలరు ఆకాశానికి. కాలరులో మూడు చుక్కలు, కింద ఒక గీత, ఇంకా కొద్దిగా తడిగా.