కోపంతో ఎక్కితే మెట్లెక్కువ

ఆ మూడంతస్తుల ఇంటికి మెట్లెన్నో ఖాయంగా చెప్పినవాళ్లు లేరు. మంచి కబురు మోసుకొచ్చేవాడికి ముప్ఫయ్యే ఉండేవి. పోట్లాటకు వచ్చేవాడికి నూరు దాటేవి. పైకి చేరేసరికి ఆయాసమే మిగిలేది, "కాసిని మంచినీళ్లివ్వండి" అంటూ కూలబడేవాడు. ఇందులో వింతేముందని అందరూ అనుకునేవాళ్లు. పైవాళ్లతో కయ్యానికి బయల్దేరిన మొగుణ్ణి "గట్టి చెప్పులు వేసుకెళ్లండి" అని పెళ్లాం సాగనంపేది. ఎంత బాగుండేవో ఆ రోజులు.

తర్వాత లిఫ్టు పెట్టారు. ఇంకేముంది, కోపాలు చల్లారకుండా, పొయ్యి మీంచి దించినట్టే గుమ్మం దాకా రావడం మొదలైంది.

మూడో అంతస్తులో బట్టలు కుట్టుకు బతికే అక్క దగ్గరికి, చెల్లెలు అలాగే ఒక మధ్యాహ్నం ఊడిపడింది. అమ్మ పోయిన నాలుగేళ్లకు ఇదే రావడం.

"అమ్మ మిషను నాకిచ్చెయ్. ఆ తర్వాత నీకూ నాకూ ఏ సంబంధమూ లేదు."

"తీసుకుపో" అంది అక్క. పైకి అలా అందే గానీ, మిగిలిన ఒక్క తోబుట్టువూ ఆ మిషనుతోపాటే వెళ్లిపోతోంది.

తొక్కుడు మిషను, దానికి ఇనప స్టాండు. ఎటు తిప్పినా లిఫ్టులో పట్టలేదు. చేసేది లేక చెరోవైపు పట్టుకుని మెట్ల దారి పట్టారు.

దిగారు, దిగారు. ఆరు మలుపులు దాటాయి, పది దాటాయి. వీధి జాడే లేదు.

"ఈ మెట్లకింకా బుద్ధి రాలేదా?" రొప్పుతూ మిషను దించింది చెల్లెలు.

"మనకు మాత్రం వచ్చిందా?" అంటూ అక్క పక్కనే చతికిలబడింది.

చెల్లెలు నవ్వబోయి ఏడ్చేసింది. "అమ్మ పోతే కబురైనా పెట్టలేదు నువ్వు. ఎవరో పరాయివాళ్లు చెబితే తెలిసింది."

"కబురేమిటే, నేనే వచ్చాను, ఆ పచ్చ తలుపుల ఇంటికి. తాళం వేసుంది. ఇల్లు మారావని నాకెవరు చెప్పారు?"

చెల్లెలికి అప్పుడు గుర్తొచ్చింది. ఏదో అలకతో, చెప్పకుండా మారింది తనే. నాలుగేళ్లూ అక్కను ఆడిపోసుకుందీ తనే.

"తాళం చూసి వెనక్కెళ్లిపోయావా?"

"మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాను. నువ్వు రాకుండా అమ్మను ఎలా తీసుకెళ్లమంటాను?"

చాలాసేపటికి ఇద్దరూ లేచి మళ్లీ మిషను ఎత్తారు. నాలుగు మెట్లు దిగారో లేదో, ఎదురుగా తలుపు. మూడో అంతస్తు, అక్క వాటా.

చెల్లెలు భుజానికి కళ్లు తుడుచుకుంది.

"ఇది కిటికీ పక్కనేగా ఉండేది? నీ వైపు కాస్త ఎత్తు అక్కా" అని, వెనక్కి వెనక్కి నడుస్తూ తనే ముందు లోపలికి వెళ్లింది.