లొకేషన్ అడగొద్దు

బాన్సువాడలో సిరీష తన టైలరింగ్ షాపు షట్టర్ సగం ఎత్తేసరికి ఫోన్ మోగింది. ఉదయం తొమ్మిదీ ఇరవై. తమ్ముడు యశస్వి.

"అక్కా, కాలు విరిగింది."

"ఏమైందిరా? ఎక్కడున్నావ్?"

"రాళ్ల మీంచి జారిన. కింద ఇసుకల పడ్డ. లేవనీకి వస్తలేదు. మొన్న పెట్టిన వీడియో చూడు, గదే బీచ్. నీళ్లు పైకొస్తున్నయ్ అక్కా, జల్ది..."

అంతే. మళ్లీ చేస్తే స్విచ్ ఆఫ్.

బాన్సువాడలో బీచ్ అంటే ఎవరైనా నవ్వుతారు. యశస్వి ఆ నవ్వు మీదే ఛానెల్ పెట్టాడు. నిజాంసాగర్ డ్యామ్ వెనక నీళ్లు గుట్టల్లోకి పాయలుగా చొచ్చుకుపోయిన చోట, రాళ్ల మధ్య ఎవరూ తొక్కని ఇసుక ఉంటుంది. నడిచి నడిచి దాన్ని వెతికేవాడు. వీడియో తీసేవాడు. చివర్లో ఒకటే మాట: "లొకేషన్ అడగొద్దు బ్రో." ఇరవై ఎనిమిది వేల మంది అడుగుతూనే ఉండేవారు.

ఇంట్లో మాత్రం ఎవరూ అడగలేదు.

వాడి స్నేహితుడు మధు పది నిమిషాల్లో బైక్ తెచ్చాడు.

"నీకు తెలుసు కదరా?"

"నాకు గూడ చెప్పలే అక్కా. 'నీకు చెప్తే బాన్సువాడ బస్టాండ్‌ల మైక్ పెట్టినట్టేరా' అంటడు నాతోని."

దారిలోనే సిరీష పోలీసులకు ఫోన్ చేసింది. వాడి ఫోన్ చివరిగా పట్టిన టవర్ పరిధిలోకి పాయ రెండు గట్లూ వస్తాయన్నారు. మూడు రోజులుగా ఎగువన వానలు. రాత్రి ఎగువ డ్యామ్ గేట్లు ఎత్తారు. పడవలన్నీ మునిగిన ఊళ్లకు వెళ్లాయి, సాయంత్రానికి గాని తిరిగి రావు.

సాయంత్రం దాకా ఇసుక ఉండదు.

తారు రోడ్డు తండా దగ్గర ఆగిపోయింది. అక్కడ మేకలు తోలుతున్న భిక్యాకు సిరీష వీడియో చూపించింది. అరవై ఏళ్ల మనిషి. ఫోన్‌ను దూరంగా పట్టుకుని రెండుసార్లు చూశాడు.

వీడియోలో యశస్వి నడుస్తున్నాడు. వాడి ఎడమ చేతి వైపు నీళ్లు. ఎదురుగా దిగుతున్న పొద్దు. చివర్లో జంట బండలు, వాటి మధ్య సందు, సందు దిగితే ఇసుక, ఇసుక అంచున నీళ్ల మీదికి వంగిన తాటిచెట్టు.

"పొద్దు ముంగట ఉన్నది, నీళ్లు ఎడమ దిక్కున్నయ్. గట్లయితే ఇవతలి గట్టే బిడ్డా," అన్నాడు భిక్యా. "గా రాళ్లల్లకు నా మేకలే పోవు. మీ తమ్మునికి ఏం పని?"

"ఎవరూ పోరు కాబట్టే పోయాడు కాకా."

భిక్యా మేకలను మనవరాలికి అప్పగించి కర్ర తీసుకున్నాడు. పడవ దొరుకుతుందేమో చూడటానికి మధు డ్యామ్ వైపు బైక్ తిప్పాడు.

దారి అంటూ లేదు. ఏనుగంత బండలు, వాటి మధ్య తుమ్మ ముళ్లు. ఎక్కాలి, కూర్చుని జారాలి, మళ్లీ ఎక్కాలి. పక్కనే ఎర్రటి నీళ్లు చెత్తను, కొమ్మలను తిప్పుకుంటూ పోతున్నాయి. భిక్యా నీటి అంచున ఒక పుల్ల గుచ్చాడు. సిరీష చెప్పు తెగితే దాన్ని చున్నీ ముక్కతో కట్టుకుంది. కట్టి లేచేసరికి పుల్ల లేదు.

మొదటి ఇసుక పదకొండున్నరకు దొరికింది. కానీ అక్కడ తాటిచెట్టు లేదు. బీరు సీసాలున్నాయి, కాల్చిన టైర్ ఉంది. నిరుటి వీడియోలోని బీచ్ ఇదే. లొకేషన్ చెప్పకపోయినా, వెనకాల గుట్టను బట్టి జనం కనిపెట్టేశారు. ఆ రోజు యశస్వి అన్నం తినలేదు. "ఇగ ఎవ్వడూ పట్టుకోలేడు చూడు, గట్ల చేస్త," అన్నాడు. ఏం చేస్తావని సిరీష అడగలేదు.

రెండో ఇసుక సగం మునిగి ఉంది. మూడోదాని దగ్గర జంట బండలు కనిపించగానే ఆమె పరుగెత్తింది. మోకాలు చీరుకుపోయింది. సందులోంచి దిగింది.

"యశస్వీ!"

ఇసుక మీద ఒక్క అడుగు గుర్తు లేదు. కొంగలు లేచి వెళ్లిపోయాయి.

"కాదు," అన్నాడు భిక్యా వెనక నుంచి. "తాడిచెట్టు లేదు."

మధ్యాహ్నం రెండు దాటింది. ముందు ఇంకా రెండు కిలోమీటర్ల గట్టు. సిరీష బండకు ఆనుకుని వీడియో మళ్లీ పెట్టింది. పొద్దున్నుంచి ఇరవై సార్లు చూసింది. ప్రతిసారీ రాళ్లనే చూసింది, చెట్టునే చూసింది. తమ్ముణ్ని ఒక్కసారి కూడా చూడలేదు. ఇప్పుడు చూసింది. నవ్వుతున్నాడు. నీలం గళ్ల చొక్కా. ఆ చొక్కా కుట్టింది తనే.

జేబు వాడి కుడివైపు ఉంది.

వీడియో ఆపింది. వేళ్లతో పెద్దది చేసింది. కుడివైపే.

"కాకా, నేను వాడి చొక్కాకు జేబు ఎడమవైపు కుట్టాను."

"అయితే?"

"వీడియోను తిప్పేశాడు. అద్దంలో చూసినట్టు. ఎవరికీ దొరక్కుండా ఎడమది కుడి చేశాడు. నిజానికి నీళ్లు వాడికి కుడివైపు ఉన్నాయి." పాయ అవతలికి చెయ్యి చూపింది. "ఇటు కాదు. అవతలి గట్టు."

ఇద్దరూ పెద్ద బండ ఎక్కి పాయకు అవతల చూశారు. కిలోమీటరు వెనక్కి, వాళ్లు దాటి వచ్చిన చోటికి ఎదురుగా, జంట బండలు. వంగిన తాటిచెట్టు. దాని సగం నీళ్లలో ఉంది.

గంట కిందటే వాళ్లు దాని ఎదురుగా నడిచారు. ఒక్కసారి తల తిప్పి ఉంటే కనిపించేది.

పరుగెత్తుతూనే మధుకు ఫోన్ చేసింది. "అవతలి గట్టురా! అటు రా!"

"అక్కా, పడవ దొర్కలే. బైక్ మీద చుట్టు తిరిగి పోతున్న. గంట పడ్తది."

ఎదురుగా వచ్చేసరికి మూడున్నర. మధ్యలో నీళ్లు అర కిలోమీటరు కూడా లేవు. ఇసుక లేదు. ఇసుక ఉండాల్సిన చోట ఎర్రటి నీళ్లు సుడి తిరుగుతున్నాయి. జంట బండల్లో చిన్నదాని మీద, నీలం రంగు చుక్క.

కదిలింది.

"యశస్వీ!"

గాలి ఆ కేకను వెనక్కి తోసింది. చున్నీ విప్పి ఊపింది. నీలం చుక్క ఆగింది. తర్వాత చెయ్యి లేచింది. ఊపుతున్నాడు. తనను చూశాడు.

"ఈత వచ్చు కదా కాకా నీకు?" భిక్యా చెయ్యి పట్టుకుంది. "చిన్నప్పటి నుంచి ఈ నీళ్ల పక్కనే ఉన్నావు కదా?"

"వస్తది బిడ్డా. గీ నీళ్లల్ల రాదు."

పెద్ద చెట్టు ఒకటి వేళ్లతో సహా కొట్టుకొచ్చి, వాళ్ల కళ్ల ముందే రెండు పల్టీలు కొట్టి మునిగిపోయింది. సిరీష అతని చెయ్యి వదిలేసింది.

భిక్యా తలపాగా విప్పి గాల్లో గిరగిరా తిప్పాడు. పెద్ద బండ వైపు చూపిస్తూ, ఎక్కు ఎక్కు అన్నట్టు సైగ చేశాడు. అవతల చుక్క పైకి పాకింది. ఒక మూరెడు. జారింది. మళ్లీ పాకలేదు.

నాలుగూ పదికి ఫోన్ మోగింది.

"అక్కా..." మధు ఏడుస్తున్నాడు. "వాగు రోడ్డు మీది నుంచి పోతుంది. బస్సు గూడ ఆగిపోయింది. ట్రాక్టరోళ్లను బతిమాలిన, ఎవ్వడు దాటుతలేడు. నేనే దిగుత, అక్కా."

ఒక్క క్షణం సిరీష దిగమనే అనబోయింది.

"వద్దురా," అంది. "నువ్వు దిగొద్దు."

పోలీసులకు మళ్లీ చేసింది. కచ్చితమైన చోటు చెప్పింది. తాటిచెట్టు, జంట బండలు, ఎదురుగా ఏ తండా, అన్నీ. ఫోన్‌లో రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. పడవ బయలుదేరగానే చెప్తామన్నారు.

ఇప్పుడు లొకేషన్ అందరికీ తెలుసు.

ఆమె చున్నీ ఊపుతూనే ఉంది. వాడూ ఊపుతున్నాడు. ఏదో అరుస్తున్నట్టు తల కదులుతోంది. ఒక్క మాట కూడా ఇటు రాలేదు. "వస్తున్నారురా, పడవ వస్తోంది!" అని ఆమె అరిచింది. అబద్ధం కూడా అటు చేరలేదు.

కాసేపటికి యశస్వి చెయ్యి దించేశాడు. రెండు చేతులతో బండను కావలించుకున్నాడు.

"బిడ్డా, ఇక్కడికి గూడ నీళ్లొచ్చినయ్," అన్నాడు భిక్యా. "పైకి పోదాం పా."

చల్లటి నీళ్లు పాదాలకు తగిలాయి. సిరీష వెనక్కి తిరగలేదు. చూపు అవతలే ఉంచి, కాలితో తడుముకుంటూ ఒక రాయి పైకి ఎక్కింది. అక్కడి నుంచి చున్నీ ఊపింది.