తెరిపి రంగు

ఆ ముసలాయన కళ్ళు చెడగొట్టింది మీరే. వయసు కాదు, జబ్బు కాదు, మీరే. ఆయన బూడిదంటే బూడిద, ఆయన మసకంటే మసక అని తలలూపిన కొడుకులూ స్నేహితులూ, మర్యాద అనే గుడ్డతో ఆయన కళ్ళకి గంతలు కట్టింది మీరే. అందులో మిగిలిన ముక్కతో ఆ ఇంటి కోడలు జూరా నోరు కట్టిందీ మీరే. కొచ్కోర్ అనే మా కొండ ఊళ్ళో ఒక ఆదివారం మధ్యాహ్నం, టీ పోస్తుండగా ఇదంతా బయటపడింది.

మా వైపు టీ గిన్నెలో సగానికి మించి పొయ్యరు. నిండా పోశామంటే ఇక దయచెయ్యండి అని అర్థం. అంచేత కోడలు నీళ్ళు కాగే సమోవార్ పక్కన ఒక మోకాలి మీద కూర్చుని, గిన్నె ఖాళీ అవగానే అందుకుని, కాస్త పాలు, కాస్త డికాక్షన్, వేణ్ణీళ్ళు, మళ్ళీ సగం. మళ్ళీ అందుకోవడం, మళ్ళీ సగం. లోకం నిజమా కాదా అని మగవాళ్ళు తేల్చుకునేదాకా. ఇరవై రెండేళ్ళుగా ప్రతి ఆదివారం తేల్చుకుంటూనే ఉన్నారు. లోకం సంగతి తేలలేదు గానీ జూరా కుడి మోకాలు మాత్రం నిజంగానే అరిగిపోయింది.

"వస్తువు ఉంది. నువ్వు చూస్తే ఉంది, చూడకపోయినా ఉంది," మామగారు బల్ల మీద వేలితో కొట్టి చెప్పారు. ముప్ఫై నాలుగేళ్ళు బడిలో పాఠం చెప్పిన వేలది.

"ఉంటే ఉండనీ నాన్నా. దానికో మాటంటూ లేకపోతే అది నీకు కనపడదు," అన్నాడు చిన్నకొడుకు సమత్. బిష్కెక్‌లో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతాడు, తండ్రితో వాదించడానికే ఆదివారాలు బండేసుకుని వస్తాడు. "రంగుల్నే తీసుకో. పేరు లేని రంగుని మనిషి చూడలేడు. మాటే కన్ను."

"మా గుర్రానికి ఒక్క మాటా రాదు. మరి గడ్డెలా మేస్తోందిరా? నాకు చెప్పకుండా నీ విశ్వవిద్యాలయంలో చేరిందా?" అన్నాడు పక్కింటి శార్షెన్. పశువుల డాక్టరుగా చేసి దిగిపోయినవాడు.

అందరూ నవ్వారు. పెద్దకొడుకు ఎర్మెక్, అంటే జూరా భర్త, తండ్రి నవ్వాడో లేదో చూసుకుని అందరికంటే ఆఖర్న నవ్వాడు.

జూరా దగ్గర దీనికి జవాబుంది. ఆ ఇంట్లో ఇంకెవరి దగ్గరా లేని జవాబు.

మామగారి పేరు కొక్‌బాయ్. మా మాటలో కొక్ అంటే నీలం. పెళ్ళయిన మొదటి వారంలోనే అత్తగారు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది: "ఆయన పేరు నీ నోట రాకూడదు. అందులో ముక్క కూడా రాకూడదు. ఆ రంగుని ఏమని చెప్పుకుంటావో నీ ఇష్టం." ఊళ్ళో చాలా ఇళ్ళల్లో ఈ పట్టింపు సడలిపోయింది. ఈ ఇంట్లో సడల్లేదు. జూరా ఉన్నిని తడిపి, తొక్కి, చుట్టి శిర్దాక్ తివాచీలు చేసే మనిషి, పొద్దస్తమానం రంగులు కలిపే మనిషి. వంటమనిషిని పట్టుకుని ఉప్పు అనే మాట అనకు అన్నట్టయింది.

మాట పోతే రంగు పోయిందా? ఎక్కడికి పోతుంది? ఒక్క మాట లాక్కుంటే ఆమెకి ఇరవై రంగులు కనపడ్డాయి. వాన వెలిశాక ఆకాశంలో తెరిపి రంగు. వెన్న తీసిన పాల అంచు రంగు. పొద్దు వాలాక మంచు మీద గుర్రం నీడ రంగు. ముసలివాళ్ళ చేతుల మీద నరం రంగు. దోసిట్లో నీళ్ళకి లేకుండా సరస్సు నీళ్ళకి మాత్రమే ఉండే రంగు. మాటే కన్ను అంటాడే మరిది, ఆ మాట లేకపోవడం వల్లనే ఆమె కళ్ళు విచ్చుకున్నాయి. ఇది చెప్పాలని, ఆ బల్ల దగ్గర రెండు కాళ్ళూ చాపుకుని కూర్చుని ఒక్కసారి చెప్పాలని ఆమెకి ఎంత ఆశో. గెలవాలని కాదు. "అలాగా? ఇంకా చెప్పు," అని ఒక్కరు అనాలని. పెళ్ళయిన ఆరో ఏట ఓసారి నోరు తెరిచింది కూడా. "టీ చల్లారింది చూడు," అన్నాడు ఎర్మెక్. అంతే.

పోయింది నీలం ఒక్కటేనా! ఆమె పేరు కూడా పోయింది. మామగారికి కోడలా, మొగుడికి ఇదిగో, మరిదికి వదిన, ఊరికి కొడుకు పేరు మీద ఐబెక్ తల్లి. ఆఖరుసారి జూరా అని పిలిచింది కన్నతల్లి, ఫోన్‌లో. ఆ తల్లి పోయి రెండు చలికాలాలయింది. చిన్నప్పుడు కొండమీది మేతబయలులో, సాయంత్రం, ఆ పిలుపు గొర్రెల మీంచి తేలుకుంటూ వచ్చేది. జూరా... కొండకి తగిలి మళ్ళీ వచ్చేది. రెండుసార్లు పిలిపించుకోవడం కోసమే మొదటిసారి పలికేది కాదు ఆ పిల్ల. ఇప్పుడు రంగు డేగిసా ముందు ఒక్కతే ఉన్నప్పుడు ఆవిరిలోకి తన పేరు తనే అనుకుంటుంది. కానీ తనంతట తను అనుకుంటే అది పిలుపెలా అవుతుంది? ఒకరు పిలవాలి, తను పలకాలి. అత్తగారి పేరు పైకి అనగా జూరా విన్నది ఒకే ఒక్కసారి, సమాధిరాయి చెక్కేవాడి నోట: "ఐమన్. అక్షరాలు సరిపోయాయా?" ఆ రోజు జూరా అనుకుంది: నన్ను కూడా రాయి మీదేనా పిలిచేది?

వచ్చే శనివారం మామగారి ఎనభయ్యో పుట్టినరోజు విందు. ఆయన కూర్చోవడానికి జూరా ఏడు నెలలు శ్రమపడి శిర్దాక్ చేసింది. తెల్లటి ఉన్ని మీద తెరిపి రంగులో పొట్టేలు కొమ్ముల ముగ్గు. "నా పేరు రంగులో చెయ్యి," అని అడిగింది మామగారే. ఆ ఆదివారం ఎర్మెక్ దాన్ని మోసుకొచ్చి బల్ల పక్కన పరిచాడు.

మామగారు వంగి చూశారు. చాలాసేపు చూశారు.

"బూడిద రంగు వేశావేం కోడలా?"

కిటికీలోంచి ఎండ తిన్నగా దాని మీదే పడుతోంది. కళ్ళున్న ఎవరికైనా నీలం.

"అవును నాన్నా, కాస్త వెలిసినట్టే ఉంది," అన్నాడు ఎర్మెక్.

"పెద్దవాళ్ళ కంటికి ఎలా ఉంటే అలాగే," అన్నాడు శార్షెన్ గడ్డం గోక్కుంటూ. గుర్రం గురించి అంత గట్టిగా మాట్లాడినవాడు!

జూరాకి రెండేళ్ళ కిందటే తెలుసు. మామగారు టీ గిన్నెని తడుముకుంటున్నారనీ, గుమ్మం దాటేటప్పుడు కాలితో వెతుక్కుంటున్నారనీ. "ఈమధ్య లోకమే మాసిపోయింది, రంగులన్నీ కల్తీ," అనేవారు. లోకం ఉన్నది ఉన్నట్టే ఉంటుందని బతుకంతా చెప్పిన మనిషి, తన కంట్లో పొర కమ్ముతుంటే నేరం లోకం మీద వేశాడు. "మీ నాన్నగారిని నారిన్ ఆసుపత్రికి తీసుకెళ్ళండి, కంట్లో పొర వస్తోంది," అని ఎర్మెక్‌కి చెబితే, "నువ్వేమన్నా డాక్టరువా? ఆయన దగ్గర అనకు, చిన్నబుచ్చుకుంటారు," అన్నాడు.

"మళ్ళీ రంగులో వెయ్యి. శనివారం లోపల అయిపోవాలి," అన్నారు మామగారు.

కుట్టేసిన శిర్దాక్‌ని మరిగే రంగులో వేస్తే తెలుపు ఉండదు, ఉన్ని ముడుచుకుపోతుంది, ఏడు నెలల పని అట్టకట్టిన ముద్దయిపోతుంది. ఎర్మెక్ అప్పుడే దాన్ని ఒక చివర నుంచి చుట్టడం మొదలుపెట్టాడు.

"చుట్టకండి," అంది జూరా. "అది తెరిపి రంగే మామయ్యా. మీరడిగిందే."

"తెరిపి ఏమిటి తెరిపి! సరైన మాట చెప్పు. ఏ రంగు?"

సమత్ తొడ చరిచాడు. "చూశావా నాన్నా! వదిన దగ్గర ఆ మాట లేదు. అందుకే ఆవిడకి బూడిదకీ దానికీ తేడా తెలీలేదు. నా వాదానికి ఇంతకంటే రుజువేం కావాలి?"

రుజువు! ఇరవై రెండేళ్ళు సగం సగం టీ పోసి, ఆఖరికి ఆ బల్ల దగ్గర ఆమె దేనికి పనికొచ్చిందయ్యా అంటే, దీనికి. జూరా గొంతులో ఆ మాట ఉంది. మింగితే ఇంకో ఇరవై రెండేళ్ళు మింగొచ్చు, అలవాటే. కానీ శిర్దాక్ సగం దాకా చుట్టేశారు.

"కొక్," అంది జూరా.

ఎర్మెక్ చేతులు ఆగిపోయాయి. "ఏమన్నావ్? బుద్ధుందా నీకు? నాన్న ఎదురుగా..."

"కొక్. నీలం. ఇది నీలం మామయ్యా." లేచి, మామగారి చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి నడిపించింది. ఆయన చెయ్యి ఆమె ఎప్పుడూ ముట్టుకోలేదు, గిన్నె అందించడానికి తప్ప. "ఈ కిటికీ చెక్కలకి వసంతంలో రంగేసింది ఎవరు?"

"నేనే," అన్నారాయన, తెల్లబోయి.

"ఏ రంగు?"

"నీలం. డబ్బా కొన్నది కూడా నేనే."

"ఇప్పుడు ఏ రంగుంది?"

ఆయన ముఖం దగ్గరగా పెట్టి చూశారు. వేలితో రాశారు.

"బూడిద."

"శిర్దాక్?"

"అదీ... ఇదే రంగు."

"వస్తువు ఉంది మామయ్యా. మీరు చూసినా ఉంది, చూడకపోయినా ఉంది. మీ పాఠమే."

ఆయన కిటికీ చెక్కని ఇంకోసారి తడిమారు. "వీళ్ళకి నీలంగానే కనపడుతోందా?" అని చిన్న గొంతుతో అడిగారు. కొడుకులు నేల చూశారు. శార్షెన్ గిన్నెలోకి చూశాడు, అందులో టీ లేకపోయినా.

"మరి నువ్వెందుకు చెప్పలేదు కోడలా?"

"చెప్పడానికి ఆ మాట కావాలిగా. ఈ ఇంటికొచ్చిన మొదటి వారంలోనే తీసేసుకున్నారు."

అని వెనక్కొచ్చి గిన్నెలన్నీ వరసగా పెట్టి నింపింది. సగం కాదు. అంచుల దాకా, పళ్ళెంలోకి పొర్లేదాకా. శార్షెన్ టోపీ వెతుక్కున్నాడు.

"రేపు పొద్దున్నే ఆయన్ని నారిన్ తీసుకెళ్ళండి," అంది జూరా మొగుడితో. "పుట్టినరోజయ్యాక కాదు, రేపే. సమత్, బండి నువ్వు తియ్యి, దారంతా మీ నాన్నకి ఏం కనపడుతోందో అడుగు, నువ్వు చెప్పకు. ఆ శిర్దాక్‌ని మళ్ళీ పరవండి. ఇంకొకటి. మీరు మళ్ళీ ఆదివారం లోకం గురించి వాదించుకోండి, నేనూ ఆ బల్ల దగ్గరే కూర్చుంటాను, టీ ఎవరిది వాళ్ళమే పోసుకుందాం. నాకో పేరుంది. మీకు తెలుసు. రాయి చెక్కేవాడు వచ్చేదాకా నేను ఆగను."

చేతిలో టీకెటిల్ దించి, వాళ్ళకి వీపు తిప్పి, తెరిచి ఉన్న గుమ్మంలో కొండలకేసి నిలబడింది, గొర్రెల మధ్య చెవులు రిక్కించుకుని నిలబడే ఆ పిల్లలాగా.

"ఇప్పుడే. ఒక్కొక్కరూ. పిలవండి."