హ్యామ్‌స్టర్ పట్టుకున్న ప్యాంటు

రైన్‌హోల్ట్ క్వాస్ ఒకప్పుడు బొరియల్లో నీళ్లు పోసి హ్యామ్‌స్టర్లు పట్టేవాడు. ధాన్యం బుగ్గల్లో కుక్కుకుని పోయే ఆ నల్లపొట్ట పొలం ఎలుకలంటే అప్పటి తూర్పు జర్మనీ ప్రభుత్వానికి ఒళ్లుమంట. చర్మం ఒలిచి తెచ్చినవాడికి డబ్బిచ్చేది, పైగా సభలో చప్పట్లు కొట్టించేది. ఇప్పుడా ప్రభుత్వమూ లేదు, ఎలుకలూ కరువయ్యాయి. బతికున్నది ఒక్కటి కనిపించినా సరే, ఆ దరిదాపుల్లో ఇటుక మీద ఇటుక పెట్టకూడదని కొత్త ప్రభుత్వం చట్టం తెచ్చింది. ప్రభుత్వాల తీరే అంత, ముందు తరుముతాయి, తర్వాత వెతుక్కుంటాయి.

ఆ ఒక్కటి ఇప్పుడు రైన్‌హోల్ట్‌కు అత్యవసరంగా కావాలి. ఊరిచివర అతని బంగాళాదుంపల తోట ఉన్నచోట పెద్ద గోడౌను కట్టబోతున్నారు. పెళ్లయిన ఏడాది నుంచి తవ్వుకుంటున్న తోట అది. అది పోతుందనుకుంటేనే ముసలాయనకు ముద్ద దిగడం లేదు.

కోతలయ్యాక వన్యప్రాణుల శాఖ నుంచి డాక్టర్ వెండ్రిష్ అనే ఆవిడ వచ్చింది. ఊరివాళ్లంతా వరుసగా నిలబడి, హ్యామ్‌స్టర్ బొరియ కోసం నేల చూసుకుంటూ గోధుమ మోళ్ల మీద నడిచారు. తోట కంచె పక్కనే రైన్‌హోల్ట్‌కు బొరియ కనబడింది. కనబడగానే పాత చెయ్యి ఊరుకోలేదు. పక్కనున్న బకెట్టెత్తి నీళ్లన్నీ అందులో కుమ్మరించాడు.

"క్వాస్ గారూ, ఏంటండీ ఆ పని!" డాక్టర్ కెవ్వుమంది.

"అయ్యో, అలవాటమ్మా!"

తడిసిన హ్యామ్‌స్టర్ బయటికొచ్చి, బుగ్గలు పూరించి, ఒక్క గెంతులో అతని ప్యాంటు కరుచుకుని వేలాడింది.

"కదలకండి! విదిలించారో, జరిమానా!"

"అయితే మీరే తియ్యండమ్మా!"

"ముట్టుకోవాలంటే జిల్లా ఆఫీసు అనుమతి కావాలండీ."

"ఫోను చెయ్యండి మరి!"

"ఇవాళ శుక్రవారం కదా, మధ్యాహ్నమే మూసేశారు. సోమవారం తీస్తారు."

భార్య ఇర్మ్‌ట్రౌట్ నవ్వాపుకోలేక కంచె పట్టుకుంది. "సోమవారం దాకా నిలబడతావా ముసలోడా? ఆ ప్యాంటు దానికే ఇచ్చెయ్!"

ఊరంతా చూస్తుండగా రైన్‌హోల్ట్ చారల లాగుతో బయటపడ్డాడు. హ్యామ్‌స్టర్ ప్యాంటును బొరియలోకి లాక్కోవడం మొదలుపెట్టింది. డాక్టర్ ఫొటో తీసుకుని, గోడౌను ఇక రాదని చెప్పింది. రైన్‌హోల్ట్ లాగుతోనే గంతులేశాడు.

"ఒక్క మాటండీ," అంది డాక్టర్. "ఇకనుంచి మీరూ తోటలో పార దించకూడదు. బొరియలు దెబ్బతింటాయి."

"మరి నా దుంపలు?"

"అది తింటుంది."

రైన్‌హోల్ట్ బొరియ వైపు తిరిగాడు. బొరియ బయట ఇంకా ప్యాంటు కాలు ఒకటి మిగిలి ఉంది. అది కూడా లోపలికి పోయేదాకా చూస్తూ నిలబడ్డాడు.

"పోనీలే, తిననీ," అన్నాడు చివరికి. "ఆ గోడౌను వాడెవడో నాకు తెలీదు. దీని తాతముత్తాతల్నయితే నా చేతుల్తోనే సాగనంపాను."